ఒక్కొక్కటిగా చూస్తే చిన్న అప్పులే

కుటుంబానికి అప్పు ఉండడం వేరు, మోయలేనంత అప్పు ఉండడం వేరు. మనిషి సంపాదన జీవితమంతా ఒకే తీరుగా ఉండదు, తిండీ బట్టా చదువూ వైద్యం మాత్రం ఏ ఏడాదికా ఏడాది కావాల్సిందే. అందుకే వయసులో ఉన్నప్పుడు రేపటి సంపాదనలోంచి కొంత ముందే వాడుకుని, నడివయసులో తీర్చి, నాలుగు డబ్బులు వెనకేసుకుని, ముసలితనంలో వాటితో బతకడం సహజమని ఫ్రాంకో మోడిగ్లియాని, రిచర్డ్ బ్రంబర్గ్ అనే ఆర్థికవేత్తలు 1950ల్లో వివరించారు. వాళ్ల లెక్కలో అప్పు ఒక సాధనం. వాయిదాలు కట్టగా మిగిలిన డబ్బుతో నెల గడవక, ఆ లోటు పూడ్చడానికి మరో అప్పు చేయాల్సి వస్తే మాత్రం ఆ సాధనమే మెడకు చుట్టుకుంటుంది.

ఈ హద్దు ఎక్కడుందో చెప్పడానికి రిజర్వ్ బ్యాంకు 2022లో ఒక కొలత పెట్టింది. ఏడాదికి రూ.3 లక్షల వరకు ఆదాయం ఉన్న కుటుంబానికి సూక్ష్మరుణం ఇచ్చేటప్పుడు, ఆ ఇంటి మీదున్న అన్ని అప్పుల వాయిదాలూ కలిపి నెలసరి ఆదాయంలో సగం దాటకూడదు. ఈ నిబంధనలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ‘అన్నీ కలిపి’ అన్నదే. అప్పుల్లో మునిగిన ఇళ్లను పరిశీలిస్తే ఏ ఒక్క అప్పూ విడిగా మతిలేనిదిగా కనిపించదు. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది, ప్రతి వాయిదా కట్టగలిగేంత చిన్నదిగానే ఉంటుంది. అవన్నీ ఒకచోట రాసి కూడిక వేసేవాళ్లే ఉండరు. తీసుకునేవాళ్లు వేయరు, ఇచ్చేవాళ్లకు వేయాల్సిన అవసరం కనపడదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ సమస్య ఎంత లోతుగా ఉందో 2019 నాటి జాతీయ గణాంక కార్యాలయం సర్వే చెబుతుంది. దేశం మొత్తం మీద వ్యవసాయ కుటుంబాల్లో 50.2 శాతానికి అప్పులుంటే, ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతానికి, తెలంగాణలో 91.7 శాతానికి ఉన్నాయి. ఒక్కో కుటుంబం మీద సగటు అప్పు దేశంలో రూ.74,121 కాగా తెలంగాణలో రూ.1,52,113, ఆంధ్రప్రదేశ్‌లో రూ.2,45,554. ఇందులో పంట రుణాలూ ఉన్నాయి కాబట్టి ఇదంతా వాడకపు అప్పు అనడానికి వీల్లేదు. కాకపోతే ఇంట్లోకి వచ్చిన డబ్బు ఏ పేరుతో వచ్చిందో ఆ పనికే పోదు. పంట కోసమని బ్యాంకులో తాకట్టు పెట్టిన బంగారం మీద వచ్చిన డబ్బు కూతురి కాలేజీ ఫీజు కావచ్చు. కుట్టుమిషను కోసమని తీసుకున్న గ్రూపు లోను ఆసుపత్రి బిల్లుకు పోవచ్చు. పట్టణాల్లో పరిస్థితి ఇంకో తీరుగా మారుతోంది. 2025 మార్చి నాటికి దేశంలో ఆర్థిక సంస్థల నుంచి కుటుంబాలు తీసుకున్న మొత్తం అప్పులో ఇళ్ల కోసం కాకుండా, ఎక్కువగా వాడకానికే తీసుకున్న రిటైల్ రుణాలు 54.9 శాతమని రిజర్వ్ బ్యాంకు ఆర్థిక స్థిరత్వ నివేదిక తెలిపింది.

రాబడికి ఒక తీరు, వాయిదాకు ఇంకో తీరు

అప్పు ఎక్కువ చేసేవాళ్లంతా దుబారా మనుషులన్న నమ్మకం జనంలో బలంగా ఉంది. అలాంటివాళ్లూ ఉంటారు. కానీ లక్షల కుటుంబాల అనుభవాన్ని అది వివరించదు. అసలు కారణం చాలాచోట్ల రాబడి వచ్చే తీరులోనే ఉంది. ఆటో నడిపేవారు, తాపీ పనివారు, కౌలు రైతులు, చిన్న దుకాణదారులు నెలకింత అని చెప్పగలిగే సంపాదన ఉన్నవాళ్లు కాదు. వాయిదా మాత్రం ప్రతి నెలా అదే తేదీకి, అదే మొత్తంలో కట్టాలి.

ఉదాహరణకు మంచి నెలలో రూ.24,000 సంపాదించే ఒక కుటుంబాన్ని తీసుకుందాం. బండి మీద నెలకు రూ.3,200, సెల్‌ఫోన్ మీద రూ.2,000, ఫ్రిజ్ మీద రూ.1,500, గ్రూపు లోను రూ.2,400, తాకట్టు పెట్టిన గొలుసు మీద వడ్డీ రూ.1,100. అన్నీ కలిపితే రూ.10,200. అంటే రాబడిలో 42.5 శాతం. రిజర్వ్ బ్యాంకు చెప్పిన సగానికి లోపే ఉంది. వానలకు పనులు ఆగి ఆ నెల రూ.16,000 మాత్రమే వస్తే అవే వాయిదాలు దాదాపు 64 శాతం అవుతాయి. కొత్తగా ఒక్క రూపాయి అప్పు చేయకుండానే ఆ కుటుంబం హద్దు దాటేసింది. సగటు రాబడి చూసి అప్పు చేసినవాళ్లు తక్కువ రాబడి వచ్చే నెలలో దెబ్బతింటారు. చేతిలో రెండు మూడు నెలలకు సరిపడా డబ్బు ఉన్న ఇల్లు ఆ దెబ్బను తట్టుకుంటుంది. లేని ఇల్లు ఆరో అప్పు వెతుక్కుంటుంది.

జూన్ నెల దీనికి మంచి ఉదాహరణ. బడులు తెరుస్తారు, ప్రైవేటు స్కూళ్లు, ఇంటర్ కాలేజీలు ఫీజు అడుగుతాయి, పుస్తకాలు, యూనిఫారాలు కొనాలి. సరిగ్గా అప్పుడే ఖరీఫ్ మొదలవుతుంది, విత్తనాలకు, ఎరువులకు, దుక్కికి డబ్బు కావాలి. వేసవిలో పెళ్లి చేసిన ఇంట్లో ఆ అప్పు అప్పటికే పచ్చిగా ఉంటుంది. పంట డబ్బు చేతికి రావడానికి ఇంకా నాలుగైదు నెలలు పడుతుంది. ఈ ఖర్చుల్లో ఒక్కటీ హఠాత్తుగా వచ్చిపడింది కాదు, అన్నీ ఏడాది ముందే తెలిసినవే. అయినా వాటికి ముందుగా పక్కన పెట్టగలిగినంత మిగులు చాలా ఇళ్లలో ఉండదు.

అనారోగ్యం అలా చెప్పి రాదు. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో దేశంలో మొత్తం వైద్య ఖర్చులో 39.4 శాతం జనం సొంత జేబులోంచి పెట్టుకున్నారు. 2013-14లో ఇది 64.2 శాతం ఉండేది కాబట్టి తగ్గిన మాట నిజం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పెద్ద ఆపరేషన్ల భారాన్ని ఎన్నో ఇళ్ల మీద నుంచి దించింది. కానీ ఆసుపత్రిలో చేరకముందు చేయించిన పరీక్షలు, డిశ్చార్జి తర్వాత నెలల తరబడి వాడాల్సిన మందులు, రోగితోపాటు ఉన్న మనిషి పోగొట్టుకున్న కూలి చాలావరకు ఇంటి మీదే పడతాయి. సంపాదించే మనిషే మంచాన పడితే ఖర్చు పెరగడం, రాబడి ఆగిపోవడం ఒకేసారి జరుగుతాయి. అప్పటిదాకా సక్రమంగా కడుతూ వచ్చిన అప్పులన్నీ మొండి బాకీలుగా మారేది ఇలాంటప్పుడే.

వడ్డీ కనపడకుండా పోయే తీరు

తెలుగు పల్లెల్లో వడ్డీ లెక్క తెలియని మనుషులు తక్కువ. ‘నూటికి రెండు రూపాయలు’ అంటే నెలకు రెండు శాతమని, ఏడాదికి ఇరవై నాలుగని ఎవరైనా చెబుతారు. ఐదు రూపాయల వడ్డీకి తీసుకున్నారంటే ఇరుగుపొరుగు నోళ్లు నొక్కుకుంటారు. ఈ లెక్క తెలిసినవాళ్లు కూడా కొత్త రకం అప్పుల దగ్గర మోసపోవడానికి కారణం, అక్కడ ధర ఈ భాషలో చెప్పకపోవడమే. ఒకరు ఏడాది లెక్కన చెబుతారు, ఇంకొకరు ఫ్లాట్ రేటు అంటారు, మరొకరు వడ్డీ ఊసే ఎత్తకుండా నెల వాయిదా ఎంతో మాత్రమే చెబుతారు.

12 శాతం ఫ్లాట్ రేటు మీద లక్ష రూపాయలు తీసుకుని పన్నెండు వాయిదాల్లో కడితే నెలకు రూ.9,333 అవుతుంది. పేరుకు నూటికి రూపాయి వడ్డీ. కానీ ప్రతి నెలా అసలు తగ్గుతూ పోతున్నా వడ్డీ మాత్రం మొదటి లక్ష మీదే వేశారు. తగ్గే అసలు మీద లెక్కగడితే అది ఏడాదికి 21 శాతం పైమాటే. డైలీ ఫైనాన్స్ దగ్గరికొస్తే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. పదివేలు రాసుకుని, వెయ్యి ముందే కోసుకుని, తొమ్మిది వేలు చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేసే అప్పులో అసలు వడ్డీ ఏడాదికి 75 శాతం దాటుతుంది. కూరగాయల బండి నడిపే మనిషికి కనిపించేది రోజుకు వంద రూపాయలే.

పట్టణ ఉద్యోగి దగ్గర ఇదే పని క్రెడిట్ కార్డు చేస్తుంది. బాకీ మొత్తం కట్టకుండా నిలిపితే చాలా కార్డుల మీద నెలకు మూడున్నర శాతం దాకా వడ్డీ పడుతుంది. ఊళ్లో వడ్డీ వ్యాపారి మూడున్నర రూపాయలు అడిగితే వద్దని లేచి వచ్చే మనిషే కార్డుకు అది కడుతుంటాడు. రూ.50,000 బాకీ ఉండి, బిల్లులో చూపిన కనీస మొత్తం 5 శాతం, అంటే రూ.2,500 మాత్రమే కడితే, అందులో రూ.1,750 వడ్డీకి, దాని మీద జీఎస్టీ రూ.315కు పోయి అసలులో తగ్గేది రూ.435. కార్డు వడ్డీ 30 శాతం మించితే అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబర్‌లో కొట్టేసింది. కాబట్టి ఇప్పుడు ఆ వడ్డీకి పైహద్దు లేదు.

చేతిలోంచి నోట్లు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు కలిగే బాధ కార్డు గీసేటప్పుడు కలగదు. డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ 2001లో ప్రచురించిన అధ్యయనంలో ఆట టికెట్లు వేలం వేస్తే, కార్డుతో చెల్లించమన్నవాళ్లు నగదు కట్టాల్సినవాళ్ల కంటే చాలా ఎక్కువ పాడారు. సున్నా వడ్డీ వాయిదా పథకాల్లో వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలోనో, నగదు కొనుగోలుదారుకు ఇచ్చే తగ్గింపు ఎగ్గొట్టో రాబట్టుకుంటారని గమనించి రిజర్వ్ బ్యాంకు 2013లో బ్యాంకులను హెచ్చరించింది. 2024 అక్టోబర్ నుంచి కొత్త రిటైల్ టర్మ్ రుణాలకు ఫీజులన్నీ కలిపిన ఏడాది రేటును ఒక పత్రంలో రాసి ఇవ్వాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. ఇది నిజంగా మంచి అడుగు. ఆ పత్రాన్ని తెలుగులో చదివి వినిపించే ఓపిక అప్పు ఇచ్చే మనిషికి ఉంటే ఇంకా మంచిది.

ఇచ్చేవాళ్ల వైపు: 2010 నాటి పాఠం

అప్పు తీసుకునేవాళ్ల గురించే మాట్లాడితే కథలో సగం వదిలేసినట్టే. పదేపదే అప్పు ఇచ్చేవాళ్లు లేకుండా ఏ కుటుంబమూ పీకల్లోతు మునగదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన సూక్ష్మరుణ సంక్షోభం దీనికి ప్రపంచమంతా చదువుకున్న ఉదాహరణ.

2000 తర్వాత రాష్ట్రంలో రెండు వ్యవస్థలు పక్కపక్కన పెరిగాయి. ఒకటి ప్రభుత్వం అండతో నడిచిన డ్వాక్రా, వెలుగు మహిళా సంఘాలు. వీటికి బ్యాంకులు అప్పులిచ్చేవి, పావలా వడ్డీ పథకం కింద వడ్డీ భారంలో కొంత ప్రభుత్వం భరించేది. రెండోది ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు. గుంపుగా కూర్చోబెట్టి, ఒకరికొకరు పూచీ పెట్టించి, వారం వారం వసూలు చేయడం వీటి పద్ధతి. రెండు వ్యవస్థలూ వెతికింది ఒకే మహిళల్ని. సంఘంలో క్రమంగా కడుతున్న మనిషంటే నమ్మకస్తురాలని అర్థం కాబట్టి ప్రతి సంస్థా ఆమె గడపకే వచ్చింది. ఆమె మీద అప్పటికే ఎన్ని అప్పులున్నాయో చూసుకోవడానికి సూక్ష్మరుణాలకు సంబంధించిన ఉమ్మడి రికార్డు అప్పట్లో లేదు. 2009లో గ్రామీణ ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఒక సర్వేలో పదింట ఎనిమిదికి పైగా ఇళ్లకు ఒకటి కంటే ఎక్కువ అప్పులున్నట్టు తేలింది.

వసూళ్లు 99 శాతం దాకా ఉండడంతో అంతా సవ్యంగా ఉందని మదుపరులు నమ్మారు. నిజానికి ఒక సంస్థ వాయిదా ఇంకో సంస్థ ఇచ్చిన అప్పుతో తీరుతోంది. కొత్త అప్పులు వస్తున్నంత కాలం పాత అప్పులు తీరుతూనే కనిపిస్తాయి. 2006లోనే కృష్ణా జిల్లాలో ప్రమాదం తలెత్తి, అధికారులు కొన్ని సంస్థల శాఖలు మూయించారు. అయినా పెరుగుదల ఆగలేదు. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ స్టాక్ మార్కెట్‌లో నమోదైంది. అదే ఏడాది అక్టోబర్ నాటికి వసూళ్ల వేధింపులు, అప్పులపాలైన మహిళల ఆత్మహత్యల వార్తలు రాష్ట్రాన్ని కుదిపేశాయి. ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. సంస్థలు జిల్లా స్థాయిలో నమోదు చేసుకోవాలి, వారం వసూళ్లు మాని నెలకోసారే వసూలు చేయాలి, బలవంతం చేయకూడదు. ఆ తర్వాత అప్పులు కట్టడం దాదాపు ఆగిపోయింది. రిజర్వ్ బ్యాంకు వేసిన మాలెగాం కమిటీ సిఫారసుల తర్వాత ఒక రుణగ్రహీతకు రెండు సంస్థలకు మించి అప్పివ్వకూడదన్న నియమం, రుణ చరిత్ర తప్పనిసరిగా చూడాలన్న నియమం వచ్చాయి.

అప్పు దొరకడమే చెడ్డదని దీన్నిబట్టి అనుకోవడం తొందరపాటు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం హైదరాబాద్‌లో 104 బస్తీలను పరిశీలించినప్పుడు, సూక్ష్మరుణ సంస్థ అడుగు పెట్టకముందే మూడింట రెండు వంతుల ఇళ్లకు అప్పులున్నాయి, వడ్డీ నూటికి నాలుగు రూపాయల దగ్గర ఉంది. సంస్థ వచ్చాక కొన్ని ఇళ్లు వస్తువులు కొన్నాయి, కొన్ని వ్యాపారం పెంచాయి, మొత్తం మీద సగటు వాడకంలో పెద్ద మార్పు రాలేదు. 2010 తర్వాత అప్పులు ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల ఇతర రాష్ట్రాల పల్లెల్లో కూలి రేట్లు, వాడకం తగ్గాయని ఎమిలీ బ్రెజా, సింథియా కినన్ అధ్యయనం చూపింది. ఊరి వడ్డీ వ్యాపారి అంతకుముందూ ఉన్నాడు, ఆ తర్వాతా ఉన్నాడు. 2015 డిసెంబర్‌లో విజయవాడలో బయటపడిన కాల్‌మనీ వడ్డీ దందా ఆ సంగతి మళ్లీ గుర్తుచేసింది.

ఆ తర్వాతి దశలో అప్పు ఫోన్‌లోకి వచ్చింది. కరోనా లాక్‌డౌన్‌లో పనులు పోయినవాళ్లకు, ముఖ్యంగా యువకులకు, నిమిషాల్లో డబ్బు వేసిన లోన్ యాప్‌లు ఫీజుల పేరుతో పెద్ద కోత కోసి, వారం తిరగకముందే మొత్తం అడిగేవి. ఒక యాప్ బాకీ తీర్చడానికి ఇంకో యాప్ చూపించేవి. కట్టకపోతే ఫోన్‌లోని నంబర్లన్నిటికీ బూతు సందేశాలు వెళ్లేవి. 2020 డిసెంబర్‌లో తెలంగాణలో ఆత్మహత్యలు, అరెస్టులు జరిగాకే దేశం దీన్ని గట్టిగా పట్టించుకుంది. రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబర్ నిబంధనలు యాప్‌లు ఫోన్ కాంటాక్టులు, కాల్ వివరాలు చూడకూడదని తేల్చిచెప్పాయి. అనుమతి లేని యాప్‌లు ఈ నిబంధనలకు లోబడవు.

బంగారం తాకట్టుకు ఇలాంటి చెడ్డపేరు లేదు. మిగతా అప్పుల కంటే వడ్డీ తక్కువ, పని త్వరగా అవుతుంది, వస్తువు మళ్లీ ఇంటికొస్తుందన్న ఆశ ఉంటుంది. కానీ వడ్డీ మాత్రం కట్టి ఏటా తిరగరాయించుకునే ఇళ్లలో అసలు ఎప్పటికీ తగ్గదు. ధర పెరిగినప్పుడల్లా అదే గొలుసు మీద ఇంకొంత తీసుకునే వీలు కలుగుతుంది, ఆ వీలే ఆదాయంలా అనిపిస్తుంది.

ఇరుగుపొరుగు, ఇరుకున పడ్డ మనసు

ఎదుటివాళ్లను చూసి ఖర్చు పెట్టడం అన్ని దేశాల్లోనూ ఉంది. కెనడాలో లాటరీ గెలిచినవారి ఇరుగుపొరుగు మీద జరిగిన అధ్యయనంలో, గెలిచిన మొత్తం పెద్దదయ్యే కొద్దీ చుట్టుపక్కల దివాలా తీసేవారు పెరిగారని తేలింది. మన దగ్గర పెళ్లిలో పెట్టుపోతలు, ఫంక్షన్ హాలు, పిల్లను చేర్చిన కాలేజీ పేరు కుటుంబం పరువును తూచే రాళ్లయ్యాయి. పెద్ద కూతురికి అంత చేసి చిన్న కూతురికి ఇంతేనా అన్న మాట పడలేక ఇంటి పెద్ద ప్రోనోటు రాస్తాడు. దాన్ని దుబారా అని కొట్టిపారేయడం తేలిక. ఆ ఖర్చు పెట్టకపోతే కూతురి సంబంధం ఏమవుతుందోనన్న భయం ఆ తండ్రికి నిజమైనదే.

డబ్బు చాలకపోవడమే మనిషి ఆలోచనను ఇరుకు చేస్తుంది. తమిళనాడు చెరకు రైతుల మీద జరిపి 2013లో ప్రచురించిన పరిశోధనలో, కోతకు ముందు చేతిలో డబ్బు లేనప్పుడు వాళ్లు తర్కపరీక్షల్లో తెచ్చుకున్న ఫలితాల కంటే కోత తర్వాత అదే రైతుల ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. రేపు కట్టాల్సిన వాయిదా మీదే దృష్టంతా ఉన్న మనిషి వచ్చే ఏడాది వడ్డీ లెక్క వేయలేడు. ఖరీదైన రెండో అప్పు చాలాసార్లు ఆ స్థితిలోనే జరుగుతుంది.

అప్పు మాఫీ చేస్తే సరిపోతుందా అన్న ప్రశ్నకు చెన్నైలోను, ఫిలిప్పీన్స్‌లోను చిన్న వ్యాపారుల మీద జరిగిన ప్రయోగం జవాబిచ్చింది. పరిశోధకులు వాళ్ల వడ్డీ వ్యాపారుల బాకీలన్నీ తీర్చేశారు. ఎక్కువమంది ఆరు వారాల్లోపే మళ్లీ అప్పుల్లోకి వచ్చారు. రాబడి తీరు మారలేదు, అత్యవసరానికి చేతిలో డబ్బు చేరలేదు. మొదటి అప్పు ఎందుకు పుట్టిందో అదే కారణం అక్కడే ఉండిపోయింది. చీటీ కట్టి ఆ డబ్బుతో ఫీజులు తీర్చుకునే ఇళ్లు, కోత అయిన వెంటనే జూన్ ఖర్చుకు విడిగా దాచుకునే ఇళ్లు తట్టుకుంటున్నాయంటే, ఆ డబ్బు అప్పుకంటే ముందే అక్కడ సిద్ధంగా ఉండడం వల్లే.

అప్పులన్నీ ఒకచోట చూసుకునేందుకు ప్రతి రుణ సమాచార సంస్థ ఏడాదికోసారి ఉచితంగా పూర్తి నివేదిక ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది. కార్డు, బండి లోను, నమోదైన సంస్థ ఇచ్చిన ఫోన్ వాయిదా అందులో కనిపిస్తాయి. షావుకారు దగ్గరున్న ప్రోనోటు, డైలీ ఫైనాన్స్, తోడల్లుడు ఇచ్చిన చేబదులు, పాడుకున్న చీటీలో మిగిలిన వాయిదాలు కనిపించవు. సంఘం పేరుమీది అప్పులో సభ్యురాలి వాటా చాలాకాలం విడిగా నమోదు కాలేదు. తెలుగు పల్లెల్లో ఇలాంటి అప్పులు చాలా ఉంటాయి కాబట్టి, సగం ఆదాయం దాటకూడదన్న 2022 నిబంధనకు అందే లెక్క ఎప్పుడూ కొంత తక్కువే ఉంటుంది. ఆ మిగతా లెక్క ఇంట్లోవాళ్లకే తెలియాలి. భర్త చేసిన చేబదులు భార్యకు, భార్య గ్రూపులో తీసుకున్నది భర్తకు పూర్తిగా తెలియని ఇళ్లలో ఆ కూడిక వేయడానికి కావాల్సిన అంకెలన్నీ ఏ ఒక్కరి దగ్గరా ఉండవు.